పని ముందా, పాఠము ముందా?

(లైన్‌మన్ వృత్తిని కోరు యువకులకై గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున ప్రసంగించువారు సాధారణముగా కావ్యములను గూర్చియో, దేశచరిత్రను గూర్చియో ముచ్చటింతురు. ఈనాటి విషయము వానికంటె చిన్నదిగా తోచవచ్చును. పదవ తరగతి ముగించి, కరెంటు పనిలో ప్రవేశించి లైన్‌మన్ కావలెనని కోరుకొను కుర్రవాడు ముందుగా ఐ.టి.ఐ.లో చేరవలెనా, లేక నేరుగా పనిలోనికి దిగి చేతితో నేర్చుకొనవలెనా? ఇదియే విషయము. పరీక్షా ఫలితములు వెలువడిన నాటినుండి ఎన్నియో పల్లె యిండ్ల అరుగులమీద ఈ ప్రశ్న వినవచ్చును. దీనికి తొందరపడి చెప్పిన జవాబు ఒక కుటుంబపు జీవితకాలమంతయు వెంటాడును. కావున గ్రంథాలయము వంటి చోట నిదానముగా చర్చింపదగినదే.

ఒక ఇంటిని ఊహించుకొనుడు. తండ్రికి రెండెకరముల చేను కలదు. చేనిలో బోరు, ఆ బోరు మీద అప్పు కలవు. కుమారుడు పదవ తరగతి గట్టెక్కినాడు. మేనమామ చుట్టపుచూపుగా వచ్చి అరుగుమీద కూర్చుండి యున్నాడు. ఆయన లైన్లు వేయు ఒక కాంట్రాక్టరు వద్ద మేస్త్రీ.

"రెండేళ్లు బళ్లో కూచుని ఏం నేర్చుకుంటాడు బావా? నాతో పంపించు. ఆరు నెలల్లో స్తంభం ఎక్కిస్తాను. రోజుకూలీ కూడా చేతికొస్తుంది" అని ఆయన మాట.

"వాడికేదన్నా అయితే పూచీ ఎవరిది అన్నయ్యా?" అని తలుపు దగ్గరనుండి తల్లి ప్రశ్న.

మేనమామ అబద్ధమాడలేదు. తల్లి అడిగినది పిరికి మాటయు కాదు. ఈ రెండు మాటలలోని సత్యమును వేరుచేసి చూచినగాని తండ్రికి దారి కనబడదు.

ముందుగా లైన్‌మన్ పని యెట్టిదో తెలియవలెను. సబ్‌స్టేషన్‌కు 33,000 వోల్టులతో వచ్చిన విద్యుత్తు అచ్చట 11,000 వోల్టులకు దిగి ఊళ్లవైపు బయలుదేరును. ఊరి ట్రాన్స్‌ఫార్మరు దానిని ఇండ్ల దీపములకు, బోరు మోటార్లకు తగినట్లు ఇంకను తగ్గించును. ఈ మార్గమందలి తీగ, స్తంభము, ఇన్సులేటరు, ఎ.బి. స్విచ్చి, ఫ్యూజు మొదలైన వాని బాగోగులు చూచువాడు లైన్‌మన్. గాలివానకు కొమ్మ విరిగి తీగపై పడిన రాత్రి, ఊరంతయు తలుపులు బిగించుకొని యుండగా, ఆయన టార్చిలైటు పట్టుకొని ఫీడరు వెంట పొలముల గట్లపై నడచును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు వేలకొలది స్తంభములు నేలకూలినవి. వానిని మరల నిలబెట్టుటకు ఇతర జిల్లాలనుండియు సిబ్బంది తరలివచ్చిరి. ఇది గౌరవప్రదమైన వృత్తి యనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు. జూనియర్ లైన్‌మన్‌గా చేరినవాడు అసిస్టెంటు లైన్‌మన్, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టరు అను మెట్లు ఎక్కవచ్చును.

ఇక మేనమామ చెప్పినదానిలోని సత్యమును చూతము అనువారికి మొదట స్తంభము నాటు చోటు చూపవలెను. స్తంభపు పొడవులో ఆరవ వంతు భూమిలో ఉండవలెనని సామాన్య నియమము. తొమ్మిది మీటర్ల స్తంభమునకు మీటరున్నర గొయ్యి కావలెను. ఈ లెక్క పుస్తకములో ఒక్క పంక్తి. కాని నల్లరేగడి నేలలో ఆ గొయ్యి వాన తరువాత ఎట్లుండునో, చెరువుకట్ట ప్రక్కన స్తంభమునకు అడుగున ఎంత గట్టిదనము కూర్చవలెనో, మలుపులోనున్న స్తంభమును తీగ ఏ వైపునకు లాగునో, దానికి ఎదురుగా స్టే తీగను ఎచ్చట బిగింపవలెనో పది గోతులు త్రవ్విన వానికి తెలిసినట్లు పది పుటలు చదివిన వానికి తెలియదు. స్తంభముమీద నడుమునకు పట్టా బిగించుకొని గంటసేపు రెండు చేతులతో పనిచేయుటకు కాళ్లకు కావలసిన బలము తరగతి గదిలో రాదు. కోతకు వచ్చిన వరిచేలో అడుగుపెట్టవలసివచ్చినప్పుడు రైతుతో ఎట్లు మాటాడవలెనో, మూడు రోజులు కరెంటు లేక మండిపడుచున్న ఊరివారిని ఎట్లు సమాధానపరుపవలెనో ఏ పాఠ్యప్రణాళికయు నేర్పదు. అనుభవజ్ఞుని ప్రక్క నిలిచి నేర్చుకొనుటకు సాటియైన విద్య లేదు. మేనమామ మాటలో ఇంత నిజము కలదు.

అయితే లైన్ పని వడ్రంగము వంటిది కాదు. వడ్రంగి కుర్రవాడు ఉలి తప్పు పట్టినచో చెక్క చెడును. మరునాడు ఇంకొక చెక్కమీద దిద్దుకొనును. దర్జీ దగ్గరి కుర్రవాడు కత్తెర తప్పినచో గుడ్డ నష్టము. లైన్ మీది తప్పు దిద్దుకొనుటకు మరునాడు ఉండకపోవచ్చును. తప్పులు చేయుచు నేర్చుకొనుట అన్ని వృత్తులకును చెల్లును గాని ఈ వృత్తికి చెల్లదు. పాఠముయొక్క అవసరము ఇచ్చటనే మొదలగును.

ఒక్క ఉదాహరణము చాలును. చూచి నేర్చుకొన్న కుర్రవానికి "స్విచ్చి తీసిన తరువాత లైనులో కరెంటు ఉండదు" అని గట్టి నమ్మకము. పలుమార్లు అది నిజమే యగును. ఒకనాడు ఊరిలో పెండ్లి. లైను ఆగగానే పెండ్లివారు జనరేటరు నడపిరి. ఆ జనరేటరును లైనునుండి వేరుచేయు చేంజోవర్ స్విచ్చి సరిగా లేదనుకొనుడు. జనరేటరు నుండి బయలుదేరిన 230 వోల్టులు ఇంటి తీగద్వారా వెనుకకు నడచి ఊరి ట్రాన్స్‌ఫార్మరును చేరును. ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపుల పనిచేయు యంత్రము. ఒక వైపునుండి 11,000 వోల్టులు ఇచ్చిన తగ్గించును. తక్కువ వోల్టు వైపునుండి ఇచ్చిన పెంచును. ఆ మార్గము తెరచియున్నచో పైతీగలలో మరల వేల వోల్టులు పుట్టును. సబ్‌స్టేషన్‌లో స్విచ్చి తీసియే యున్నది. అయినను స్తంభముమీది మనిషి చేతిలోని తీగ చచ్చిన తీగ కాదు. దీనినే బ్యాక్ ఫీడ్ అందురు.

ఈ సంగతి పాఠముగా తెలిసినవాడు స్విచ్చి తీయుటతో తృప్తిపడడు. సబ్‌స్టేషన్‌నుండి లైన్ క్లియర్ తీసికొని, అది రిజిస్టరులో వేళతో సహా వ్రాయబడినదని రూఢిచేసికొనును. స్విచ్చి తెరచి తాళము వేయును. తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, డిశ్చార్జి రాడ్‌తో తీగను భూమికి కలుపును. పనిచేయు చోటునకు ఇరువైపుల ఎర్తు వేసిన పిమ్మటనే తీగపై చేయి వేయును. పని ముగిసిన తరువాత మనుషులందరు దిగిరని లెక్క చూచి, ఎర్తులు తొలగించి, అప్పుడు మాత్రమే లైన్ క్లియర్ తిరిగి అప్పగించును. "నాలుగు గంటలకు లైను ఇచ్చివేయుడు, ఆ లోపల దిగెదము" అను నోటిమాట ఒప్పందమును ఎన్నడును అంగీకరింపడు. ఈ వరుసను చూచి కంఠస్థము చేసినవాడు తొందరలో ఒక మెట్టు దాటవేయవచ్చును. కారణము తెలిసినవాడు దాటవేయడు. చదువునకును చూపునకును గల భేదము ఇదియే.

మరియొక లెక్క. ఆంపియరులో వేయవ వంతు మిల్లీ ఆంపియరు. ఒక్క మిల్లీ ఆంపియరు శరీరముగుండ ప్రవహించిన చిమచిమ మనును. పది, పదునైదు దాటిన కండరములు బిగిసి, పట్టుకొన్న తీగను చేయి విడువలేదు. ఏబది మొదలుకొని గుండె లయ తప్పు ప్రమాదము కలదు. ఇంటిలో వెలుగు తొమ్మిది వాట్ల చిన్న దీపము తీసికొను కరెంటు సుమారు నలువది మిల్లీ ఆంపియర్లు. చిన్న దీపమును వెలిగించునంతటి కరెంటు మనిషి దీపమును ఆర్పుటకు చాలును. తడిసిన చేతులతో, చెమట పట్టిన దేహముతో ఇంకను సులభముగా ప్రవహించును. ఈ అంకెలు తెలిసిన కుర్రవాడు "ఇండ్ల లైనే గదా" అని చులకన చేయడు.

చేతిపని, చదువు ఒకదాని కొకటి ఎట్లు తోడ్పడునో తీగ బిగించుటలో తేటపడును. లోహము ఎండకు సాగును, చలికి కుదించుకొనును. చలికాలమున వదులుగా కట్టిన తీగ వేసవిలో ఇంకను క్రిందికి వ్రేలాడి గడ్డిబండికి తగులవచ్చును. వేసవి మధ్యాహ్నమున బిగించి కట్టిన తీగ చలికాలపు తెల్లవారుజామున స్తంభములను లాగును. ఏ వేడిమికి ఎంత వ్రేలాడవలెనో చెప్పు పట్టికను చదువుట బడిలో నేర్చుకొనవలెను. ఆ వ్రేలును కంటితో అంచనా కట్టుట లైనుమీద నేర్చుకొనవలెను.

ఇప్పుడు చట్టము వైపు తిరుగుదురు గాక. భారత ప్రభుత్వము 1950లో చేతిపనుల శిక్షణ పథకమును ఆరంభించినది. ఐ.టి.ఐ.లు దాని ఫలము. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ శిక్షణలు రెండేసి సంవత్సరములు. పరీక్షలో నెగ్గినవానికి దేశమంతటను చెల్లు జాతీయ వృత్తి పత్రము లభించును. పనిచోట నేర్చుకొనువారికొరకు 1961లో అప్రెంటిస్ చట్టము వచ్చినది. ఈ చట్టమునందు సంస్థకును శిక్షార్థికిని నడుమ వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండవలెను. అది నమోదు కావలెను. నేరుగా చేరినవానికి మొదట ప్రాథమిక శిక్షణ నీయవలెను. శిక్షణకాలమున గాయపడినచో చట్టము ననుసరించి నష్టపరిహారము చెల్లించు బాధ్యత యజమానిది. 2019లో సవరించిన నిబంధనలు నెలసరి భృతిని పదవ తరగతి చదివినవారికి కనీసము 6,000 రూపాయలుగను, ఐ.టి.ఐ. పత్రము గలవారికి కనీసము 7,000 రూపాయలుగను నిర్ణయించినవి. అయితే అప్రెంటిస్ శిక్షార్థియే గాని ఉద్యోగి కాడు. ఒప్పందములో అట్లు వ్రాసియుండిన తప్ప శిక్షణ ముగియగానే ఉద్యోగ మీయవలెనను నిర్బంధము యజమానికి లేదు. ఇది ముందే తెలిసికొనిన పిదప నిరాశ యుండదు.

కావున "నేరుగా పనిలో చేరుట" అను ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు దాగియున్నవి. మొదటిది, ఇప్పుడు చెప్పిన చట్టబద్ధమైన అప్రెంటిస్ శిక్షణ. రెండవది, కాంట్రాక్టరు దగ్గర కూలి. మూడవది, పల్లెలలో అందరికిని తెలిసినదే గాని ఏ రిజిస్టరులోను కనబడనిది: లైన్‌మన్ వెంట తిరుగుచు, ఆయనకు బదులుగా స్తంభమెక్కు ప్రయివేటు సహాయకుని బ్రదుకు. ఊరివారు వానిని "కరెంటు కుర్రాడు" అని పిలుతురు. ఫ్యూజు పోయిన వానినే కేకవేయుదురు. పది, ఇరువది రూపాయలు చేతిలో పెట్టుదురు. వాని పేరు ఏ హాజరు పట్టికలోను లేదు. చేతికి తొడుగు లేదు. నడుమునకు పట్టా లేదు. వాడు పడిననాడు "ఆ కుర్రవాడెవడో మాకు తెలియదు" అనుటకు అందరికిని వీలున్నది. తల్లి అడిగిన "పూచీ ఎవరిది?" అను ప్రశ్నకు ఈ మూడవ దారిలో జవాబు లేదు. రెండవ దారిలో చట్టము పూచీ చూపినను, దానిని నిరూపించుట కాంట్రాక్టరు వ్రాసిన కాగితమునుబట్టి యుండును. మొదటి దారిలో జవాబు చట్టములోను, నమోదైన ఒప్పందములోను ఉన్నది.

ఉద్యోగపు వాకిలి సంగతియు విచారింపవలెను. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయములకు ఎనర్జీ అసిస్టెంట్లను, అనగా జూనియర్ లైన్‌మన్ రెండవ గ్రేడు వారిని, నియమించినపుడు పదవ తరగతితోబాటు ఎలక్ట్రికల్ లేక వైర్‌మన్ శాఖలో ఐ.టి.ఐ. పత్రమో, ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో తత్సమానమైన చదువో కావలెనని కోరిరి. ఆ పత్రము ఉన్నవారికే స్తంభమెక్కుట, మీటరు చదువుట, సైకిలు త్రొక్కుట అను పరీక్షలు. తెలంగాణలో దక్షిణ మండల పంపిణీ సంస్థ 2023లో జూనియర్ లైన్‌మన్లకు పెట్టిన వ్రాతపరీక్షలో 80 ప్రశ్నలకు 65 ఐ.టి.ఐ. పాఠ్యవిషయములనుండి వచ్చినవి, తక్కిన 15 సామాన్యజ్ఞానము. దానిలో నెగ్గిన పిదప స్తంభపరీక్ష. పదేండ్లు స్తంభములెక్కిన చేయి యైనను ఆ పత్రము లేనిచో వాకిలి బయటనే నిలువవలసి వచ్చినది. ఇది న్యాయమా కాదా యని వాదింపవచ్చును. కాని పదునారేండ్ల కుర్రవానికి దారి చెప్పువారు ముందు వాకిలికి ఉన్న గడియను చూపవలెను.

స్తంభపరీక్ష మగవారికే యనుకొను ఆడపిల్లల తల్లిదండ్రులకును ఒక మాట. తెలంగాణలో 2019 నాటి ప్రకటన స్త్రీలకు ఆ అవకాశము లేదనినది. అభ్యర్థినులు ఉన్నత న్యాయస్థానమునకు వెళ్లి అనుమతి తెచ్చుకొని స్తంభమెక్కి చూపిరి. 2022లో వారిలో ఒకామె నియామక పత్రము నందుకొని ఆ రాష్ట్రమున తొలి లైన్‌వుమన్ అయినది. ఆమెకును ఆ వాకిలివరకు దారి చూపినది చేతిలోని చదువు పత్రమే.

మిగిలినది డబ్బు మాట. బోరు అప్పు గల తండ్రికి రెండేండ్ల కూలి చిన్న మొత్తము కాదు. "చదువు మంచిది" అని సులభముగా చెప్పి లేచిపోవుట ఆయనకు న్యాయము చేయుట కాదు. అయితే వయస్సు లెక్క ఒకటి చూడవలెను. పదవ తరగతి ముగించిన కుర్రవానికి పదునైదు, పదునారు ఏండ్లు. ప్రమాదకర పరిశ్రమలకు చెందిన వృత్తులలో పదునెనిమిదేండ్లు నిండనిదే అప్రెంటిస్‌గా చేర్చుకొనరాదని 2014 నాటి చట్ట సవరణ చెప్పుచున్నది. లైన్‌మన్ నియామకములకును పదునెనిమిది నిండవలెను. అనగా ఐ.టి.ఐ.లో గడచు రెండేండ్లు కుర్రవాడు ఎట్లును స్తంభమెక్కరాని రెండేండ్లు. అవి పోగొట్టుకొన్న ఏండ్లు కావు. వేచియుండవలసిన ఏండ్లనే విద్యగా మార్చుకొన్న ఏండ్లు. మేనమామ ఆరు నెలలలో స్తంభ మెక్కించుట ఆయన ప్రేమకు గుర్తు కావచ్చును గాని కుర్రవాని వయస్సునకు తగిన పని కాదు.

ఆ రెండేండ్లు ముగిసిన పిదప చదువు చాలునని ఇంట కూర్చుండరాదు. ఐ.టి.ఐ. పత్రముతో ఒక సంవత్సరము అప్రెంటిస్‌గా చేరుటకు అవకాశము కలదు. నేర్చిన పాఠమునకు అప్పుడు చెమట తోడగును. భృతియు చేతికి వచ్చును. ముందు పాఠము, వెంటనే పని. ఈ వరుసలో రెండు దారులును ఒకే దారి యగును. ఈ వరుసను తారుమారు చేయుటలోనే ప్రమాదమున్నది. ఇక కుటుంబ పరిస్థితివలన బడికి పంపుట బొత్తిగా సాధ్యపడని యింటివారు నేరుగా పనిలో చేర్చునపుడు మూడు ప్రశ్నలు అడిగి తీరవలెను: ఒప్పందము వ్రాసి నమోదు చేయుదురా? మొదట ప్రాథమిక శిక్షణ నిత్తురా? గాయపడిన పరిహారము ఎవరు చెల్లింతురు? ఈ మూడింటికి కాగితముమీద జవాబు రాని చోట బిడ్డను విడువరాదు.

ఐ.టి.ఐ.ని ఎంచుకొనునపుడును కన్ను తెరచి యుండవలెను. బోర్డు వ్రేలాడినంతమాత్రమున అది బడి కాదు. అచ్చట మోటార్లు విప్పి బిగించుటకు ఉన్నవా? విద్యార్థి చేతితో వైరింగు చేయుచున్నాడా, లేక నోటుపుస్తకములో బొమ్మ మాత్రము గీయుచున్నాడా? హాజరు లేకున్నను పరీక్షకు పంపెదమని చెప్పు చోటునకు దూరముగా నుండవలెను. పత్రము చేతికి వచ్చి పని చేతికి రానివాడు స్తంభముమీద, చదువు లేనివానికంటె ఎక్కువ క్షేమముగా నుండడు.

గ్రంథాలయమునకు ఇందు కర్తవ్యము లేకపోలేదు. వార్తాపత్రికలలో వచ్చు నియామక ప్రకటనలను కత్తిరించి గోడకు అంటించుట, ఎలక్ట్రీషియన్ పాఠ్యపుస్తకములను ఒక అరలో ఉంచుట, అప్రెంటిస్ ఒప్పందపు కాగితమును చదువలేని తండ్రికి చదివి వినిపించుట - ఇవి ఖర్చు లేని పనులు. ఇరువదియైదేండ్లుగా ఊరివారికి కథలు, పత్రికలు అందించిన చోట ఒక కాగితము అర్థము చెప్పబడుటవలన ఒక ప్రాణము నిలిచినచో, ఆ గ్రంథాలయము సార్థకమైనదే.

మరల ఆ అరుగు వద్దకు. తండ్రి మేనమామను నొప్పింప నక్కరలేదు. "వాణ్ని నీ చేతిలోనే పెడతాను బావా. కాని రెండేళ్లు ఆగి పెడతాను" అనిన చాలును. సెలవులలో మేనల్లుని వెంట తీసికొనిపోయి, నేలమీద నిలిపి, స్తంభము నాటుట, స్టే బిగించుట చూపుట మేనమామ వంతు. బడిలో నేర్చినది ఆయనకు చెప్పుట మేనల్లుని వంతు. మేనమామకు అనుభవమువలన తెలిసినదానికి కారణము మేనల్లునివలన తెలియును. మేనల్లుడు చదివినదానికి రూపము మేనమామ చేతులలో కనబడును.

అప్పుడు తలుపు దగ్గర నిలిచిన తల్లి ప్రశ్నకును జవాబు దొరకును. ఆ పూచీలో కొంత చట్టము వహించును, కొంత గురువు వహించును. మిక్కిలి పెద్ద భాగమును, కారణము తెలిసి తీగపై చేయి వేయు ఆ కుర్రవాడే వహించును.